అప్పజెప్పడం వచ్చిన పిల్లకు చదవడం నేర్పాను

కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి కొత్తగా వస్తున్న మీకు ఒక సంగతి చెప్పాలి. కాస్త కటువుగానే ఉంటుంది. మీ ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్లలో చాలామందికి చదవడం రాదు. అక్షరాలు వచ్చు. గడగడా పైకి చదివేస్తారు. ఇప్పుడు చదివిన పేరాలో ఏముందో చెప్పమనండి, మళ్లీ అదే పేరా చదివి వినిపిస్తారు. ఈ ఉద్యోగంలో అసలు పని అక్కడ మొదలవుతుంది. సిలబస్ పూర్తి చేయడం దాని తర్వాతే.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఎప్పుడు ఏ స్కేలు వచ్చింది, ఎవరు నా ఇంక్రిమెంటు ఆపారు అన్నవి మీకు అక్కర్లేదు. ఒక్క అమ్మాయి సంగతి చెబుతాను. నాకు తెలిసిందంతా దాదాపు అందులోనే ఉంది.

నాకు అక్షరాలు వచ్చిన తీరు

మాది బందరు దగ్గర నేతవాళ్ల ఊరు. ఊహ తెలిసినప్పటినుంచి రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాను. మగపిల్లల్ని బడికి పంపారు, ఆడపిల్లల్ని పంపలేదు. దాని గురించి ఇప్పుడు ఏడ్చేదేమీ లేదు. పదిహేడేళ్లప్పుడు గుడివాడలో మా పిన్నమ్మ ఇంటికి ఒంటరిగా బయల్దేరాను. బందరు బస్టాండులో బోర్డు చదవలేక, పక్కవాళ్లని అడగడానికి నామోషీపడి, కూచిపూడి బస్సు ఎక్కేశాను. టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు నవ్వాడు.

"బోర్డు అంతుంది గదమ్మా, కళ్లు కనపడవా?"

"కళ్లు కనపడతయ్యి. చదవటమే రాదు," అన్నాను.

బస్సంతా నవ్వింది. ఆ నవ్వుతో పంతం పట్టి, మాకు నూలు ఇచ్చే షావుకారుగారి కోడలి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దాను. ఆ తర్వాత ప్రైవేటుగా మెట్రిక్, ఆపైన బి.ఏ., ఎం.ఏ. అదంతా వేరే సంగతి. ఇక్కడ చెప్పదగ్గది ఒకటే. చిన్నప్పుడు అక్షరాలు నేర్చినవాళ్లు ముందు అప్పజెప్పడం నేర్చుకుంటారు. అర్థం తర్వాతెప్పుడో వస్తే వస్తుంది, లేకపోతే లేదు. నేను అక్షరం నేర్చిందే ఆ బస్సు ఎక్కడికి పోతుందో తెలుసుకోవడానికి. అందుకని ఏ పేరా కనపడినా నాకు మొదట తోచేది ఆ ప్రశ్నే: ఇది ఎక్కడికి పోతోంది? అది తెలియకుండా రెండో వాక్యం చదవలేను. ఎం.ఏ.లో నాతోపాటు చదివినవాళ్లు నన్ను మందబుద్ధి అనుకున్నారు. అనుకోనిచ్చాను.

చదువంటే చప్పుడు

తొంభైల్లో విజయవాడ ఎలా ఉండేదో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. సాయంత్రం బెంజ్ సర్కిల్ నుంచి పటమట లోపలికి నడిస్తే ప్రతి రెండో మేడా ఒక హాస్టలే. స్టడీ అవర్ మొదలైందంటే తేనెపట్టు పక్కన నిలబడ్డట్టు రొద. తల్లిదండ్రులు గేటు బయట నిలబడి ఆ రొద విని తృప్తిగా వెళ్లిపోయేవారు. నోరు మూసుకుని పుస్తకం చూస్తూ ఆలోచించే పిల్లవాణ్ని వార్డెన్ జబ్బ మీద తట్టి, "ఏంట్రా, నోరు కదలట్లేదు?" అని అరిచేవాడు. అలా తయారైన పిల్లలే మూడేళ్ల డిగ్రీకి మా దగ్గరికి వచ్చేవారు.

మేం లెక్చరర్లమూ తక్కువ తినలేదు. క్లాసులోకి పోయి నోట్స్ చెప్పడమే పాఠం. నేను మాత్రం ప్రశ్నలడిగి, పిల్లల చేత మాట్లాడించేదాన్ని. ఒకరోజు ప్రిన్సిపాల్‌గారు పిలిపించారు.

"మేడమ్, మీ క్లాసులోంచి మాటలు ఎక్కువ వినపడుతున్నయ్యి."

"మాట్లాడిస్తున్నానండీ, అందుకని."

"మాటలకి మార్కులెవరేస్తారండీ? నోట్స్ చెప్పండి. పిల్లలు నోట్స్ అడుగుతున్నారు."

ఆయన చెడ్డవాడు కాదు. పాస్ శాతం తగ్గితే వచ్చే ఏడు సీట్లు నిండవని ఆయన భయం. కానీ భయపడేవాడి కింద పనిచేస్తే ఆ భయం మనకూ అంటుకుంటుంది. దాన్ని చదువు పేరుతో పిల్లలకు అంటించకండి.

రజియా పేపరు

పటమటలో పరుపులు కుట్టే కాసింగారి అమ్మాయి రజియా. తరతరాలుగా దూది ఏకే కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. బి.ఏ. మొదటి సంవత్సరంలో ఆ పిల్లకు మంచి మార్కులు వచ్చాయి. రెండో సంవత్సరం ఫలితాల్లో మాత్రం ఆమె నంబరు ఎదురుగా మార్కులు లేవు. మాల్‌ప్రాక్టీసు అనుమానంతో ఆపేశారు.

ప్రిన్సిపాల్‌గారి గదిలో ఆమె అర్థశాస్త్రం జవాబుపత్రం నకలు చూశాను. పేపరు దిద్దినాయన ఎర్ర సిరాతో గీతలు పెట్టి పంపాడు. ఒక జవాబులో "పై పటంలో చూపినట్లు" అని ఉంది. పటం లేదు. ఇంకో జవాబు చివర, అదే దస్తూరీతో, పొందికగా, "మిగిలిన ముఖ్య ప్రశ్నలకు మా మోడల్ పేపర్లు చూడగలరు" అని ఉంది. బజారులో దొరికే గైడులో ఆ జవాబు కింద ప్రచురణకర్తలు వేసుకున్న ప్రకటన అది. పిల్ల దాన్ని కూడా రాసేసింది.

"గైడు చించుకుపోయి చూసి రాసిందండీ, ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. "తప్పయింది, క్షమించండని ఒక కాగితం రాయిద్దాం. ఒప్పుకుంటే శిక్ష తగ్గుద్ది. వాదిస్తే ఏడాది మొత్తం పోద్ది, కాలేజీ పేరూ పోద్ది."

కాసింగారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. చొక్కా మీద దూదిపోగులు అలాగే ఉన్నాయి.

"అమ్మగారూ, ఒక్క మాట చెప్పండి. కాపీ కొట్టిందా, కొట్టలేదా?"

"కొట్టలేదు."

"మీరు చూశారా?"

"చూడలేదు. ఈ పిల్ల సంగతి నాకు తెలుసు. ప్రకటనతో సహా బట్టీ పట్టింది."

"ఎవరన్నా ప్రకటన బట్టీ పడతారాండీ?" అని కూతురి వంక చూశాడు. రజియా తల ఎత్తలేదు. "నేనయితే మా కొట్లోకి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నా, మా అమ్మాయి మార్కులు ఇయ్యీ అని. ఇప్పుడు కాపీ అని తేలిందంటే మాత్రం నాకు మొహం లేదండి. దొంగ చదువు మా ఇంట్లో వద్దు. ఆ రోజుతో కాలేజీ ఆఖరు."

రజియాను పక్కకు తీసుకుపోయి, క్షమాపణ కాగితం రాస్తావా అని అడిగాను.

"చెయ్యనిది చేశానని ఎట్టా రాస్తాను మేడమ్?"

"రాయకు మరి," అన్నాను. ప్రిన్సిపాల్‌గారు ఆ తర్వాత నాతో కొన్నాళ్లు సరిగా మాట్లాడలేదు.

విచారణ

విజయవాడలోనే ఇంకో కాలేజీలో యూనివర్సిటీ కమిటీ కూర్చుంది. బల్ల వెనక ఇద్దరు మెంబర్లు, మధ్యలో నెరిసిన జుట్టు ఛైర్మన్. కాలేజీ తరఫున నేను వెళ్లాను. కాసింగారు వరండాలో ఉండిపోయాడు.

"ఇది దేన్ని చూసి రాశావమ్మా?" అన్నాడు ఛైర్మన్.

"చూడలేదండీ. నాకు వచ్చు."

"వస్తే చెప్పు."

రజియా చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. "పై పటంలో చూపినట్లు" దగ్గర ఛైర్మన్ చెయ్యెత్తాడు.

"ఆగాగు. పటమేదీ?"

"పటం రాదండీ. మాటలే వచ్చు."

ఒక మెంబరు నవ్వాడు. రెండో ఆయన నవ్వలేదు. "నోటీసు అందాక బట్టీ పట్టి ఉంటుంది సార్. బోలెడంత టైముంది," అన్నాడు.

ఛైర్మన్ సాక్ష్యం కోసం తెప్పించుకున్న గైడు తెరిచి, పరీక్షలో రాని ప్రశ్న ఒకటి ఎంచి, మొదటి రెండు మాటలు అందించాడు. రజియా అందుకుంది. పేజీ చివరిదాకా పోయింది. ఇంకోచోట తెరిచాడు. అక్కడా అందుకుంది. చివరికి వెనక పేజీల్లో ఒకటి తెరిచాడు. ఆ పిల్ల జవాబంతా చెప్పి, అదే గొంతుతో, "తరువాయి తర్వాతి పుటలో" అని కూడా చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పుస్తకం మొత్తం వచ్చా?"

"వచ్చండీ."

ఛైర్మన్ గైడు మూసి పక్కన పెట్టాడు. "మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"పరుపుల కొట్టండీ. పటమటలో."

"నువ్విప్పుడే స్థిరవ్యయం గురించి చెప్పావు. మీ కొట్లో స్థిరవ్యయం ఏంటి?"

"ఉత్పత్తి పరిమాణంతో నిమిత్తం లేకుండా..."

"పుస్తకంలోది వద్దమ్మా. మీ కొట్లో. నెలంతా ఒక్క పరుపూ అమ్ముడుపోకపోయినా మీ నాన్నగారు కట్టాల్సింది ఏముంది?"

రజియా నోరు తెరిచి నిలబడింది. కొట్టు అద్దె. అద్దె కట్టే రోజు వస్తే ఇంట్లో ఎంత గొడవో ఆ పిల్లకు తెలియదా? తెలుసు. పుస్తకంలో మాటకూ ఆ గొడవకూ చుట్టరికం ఉందని ఎవరూ చెప్పలేదు.

"కాపీ కొట్టలేదు. అది రాసేస్తాను," అన్నాడు ఛైర్మన్. "కానీ ఈ పేపరుకు మార్కులు వేయమని నేను రాయలేను. అక్టోబరు సప్లిమెంటరీలో మళ్లీ రాయాలి." నా వైపు తిరిగాడు. "మేడమ్, మీరేగా పాఠం చెప్పింది?"

"నేనేనండీ."

ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

వరండాలో కాసింగారికి సంగతంతా చెప్పాను. ఆయన మొహం తేటపడలేదు. "కొట్టకపోతే మళ్లీ ఎందుకు రాయాలండీ?" అన్నాడు. ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. ఎవరికి మాత్రం ఎక్కుతుంది? "సరే. అక్టోబరు దాకా చూస్తా. అప్పుడూ తేడా వచ్చిందంటే మాత్రం ఇంక నన్ను అడగమాకండి."

గైడు మాన్పించడం

కాలేజీ అయ్యాక లైబ్రరీ వరండాలో కూర్చునేవాళ్లం. మొదటిరోజే గొడవ.

"గైడు ముట్టుకోకు," అన్నాను.

"బట్టీ పట్టబట్టేగా మేడమ్ నేను బయటపడ్డది? మీరు దాన్నే మానెయ్యమంటారేంటి?"

ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన లెక్చరరు ఉంటే నాకు చూపించండి.

ఆమె పాఠ్యపుస్తకం చూశాను. పేజీకి పేజీ స్కేలు పెట్టి అండర్‌లైన్ చేసింది. "అన్నీ ముఖ్యమేగా మేడమ్," అంది. పెన్ను తీసేసుకున్నాను. పేరా చదివి, మూసి, సొంతమాటల్లో చెప్పమన్నాను. మూయగానే పేరా మొత్తం అప్పజెప్పింది. ఆ పిల్ల జ్ఞాపకశక్తితో నేను గెలవలేనని అప్పుడు అర్థమైంది. పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, ఆ రోజు పేపర్లో సంపాదకీయం ఇచ్చాను. ఒక్కసారే చదవాలి, రెండోసారి కుదరదు అన్నాను. కైకలూరు వైపు వరిచేలు తవ్వేసి చేపల చెరువులు చేస్తున్న సంగతి అందులో రాశారు.

"మూసెయ్. ఏం చెబుతున్నాడు?"

"గుర్తులేదు మేడమ్."

"గుర్తుండక్కర్లేదు. ఏం చెబుతున్నాడు?"

"మాటలు గుర్తులేకపోతే ఎట్టా చెప్తారు?"

ఆ రోజు ఏడ్చింది. మర్నాడూ ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నాకు ఓదార్చడం చేతకాదు, చేతనైనా చేసేదాన్ని కాదు. కొన్నాళ్లు పోయాక, అదే సంపాదకీయం మీద ప్రశ్న మార్చాను.

"చెరువులు తవ్వమంటున్నాడా, వద్దంటున్నాడా?"

"మొదట్లో మంచిదే అన్నాడు. లాభమన్నాడు."

"తర్వాత?"

"తర్వాత... ఒద్దంటున్నాడు."

"ఎక్కడ తిరిగాడు?"

పేపరు తెరిచి వెతికి, ఒకచోట వేలు పెట్టింది. "అయితే" అనే మాట మీద. అంతవరకూ అనుకూలంగా నడిచిన వాదం అక్కడ మలుపు తిరిగింది. ఆ పిల్ల పుస్తకంలో అలాంటి "అయితే"లు, "కాబట్టి"లు వందలు అండర్‌లైన్ అయి ఉన్నాయి. ఒక్కదాని దగ్గరా ఆగలేదు.

ఆ తర్వాత నేను నేర్పించింది పెద్దగా ఏమీ లేదు. మీరూ ఇవే చేయించండి. పుస్తకం తెరవకముందు పాఠం చివర ఉన్న ప్రశ్నలు చదవాలి, ఏం వెతకాలో తెలుస్తుంది. పేజీకి ఒక్క గీతే గీయాలి. ఏది గీయాలో తేల్చుకోలేక పడే అవస్థ ఉంది చూశారూ, చదవడమంటే అదే. మూసి, ఎదురుగా మనిషిని పెట్టుకుని చెప్పాలి. ఎక్కడ నోరు ఆగిపోతుందో అక్కడ అర్థం కాలేదన్నమాట, ఆ ఒక్కచోటికే వెనక్కి పోవాలి. ప్రశ్న వివరించమంటోందా, పోల్చమంటోందా, తప్పొప్పులు చెప్పమంటోందా చూసుకోవాలి. మా పిల్లలు మూడింటికీ ఒకే జవాబు రాసేవారు. ఇక పటం గీయలేకపోతే ఆ పాఠం రానట్టే.

ఇది అందరికీ పనిచేస్తుందని నేననను. అదే ఏడు ఒక కుర్రాడు, "మేడమ్, నాకు పాస్ మార్కులు చాలు, నోట్సివ్వండి," అన్నాడు. నోట్సు తీసుకుని పాసయ్యాడు కూడా. పరీక్షలు అలా ఉన్నంతకాలం వాణ్ని తప్పుపట్టలేను.

పరీక్ష దగ్గరపడింది. ప్రిన్సిపాల్‌గారు ఒకసారి వరండాలో ఆగి, "గైడు మాన్పించారంటగా. ఫెయిలయితే ఎవరు జవాబు చెప్తారండీ?" అని వెళ్లిపోయారు. ఆ మాట రజియా వింది. మర్నాడు సంచిలోంచి గైడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులోది రాస్తే పాసవుతాను మేడమ్. మీ పద్ధతిలో రాస్తే ఏమవుద్దో తెలీదు. నేను ఫెయిలైతే మీరు మర్నాడు మామూలుగా క్లాసుకొస్తారు. నేను రాను."

నిజమే అది. పిల్లల చదువుతో ప్రయోగాలు చేసేవాళ్లంతా ఈ మాట గోడకు రాసిపెట్టుకోవాలి. గైడు లాక్కోలేదు. "నీ పరీక్ష, నీ ఇష్టం," అన్నాను. ఆమె దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. తర్వాత నా దగ్గరికి రాలేదు.

పరీక్ష రోజు

ఆ పరీక్ష సెంటరులో నాకు డ్యూటీ లేదు. అయినా అయిపోయే వేళకు గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. కాసింగారు మోపెడ్ ఆపుకుని అప్పటికే అక్కడ ఉన్నాడు. నాకు నమస్కారం పెట్టాడు, అంతే. లోపల ఆ పిల్ల ఏం రాస్తోందో మా ఇద్దరికీ తెలియదు.

రజియా అందరికంటే ఆఖరున బయటికి వచ్చింది. వేళ్ల నిండా సిరా. నన్ను చూసి, నేరుగా తండ్రి దగ్గరికి పోయింది.

"చెప్పమ్మా, ఏం రాశావ్?" అన్నాడు ఆయన. పరీక్ష అయ్యాక కూతురు జవాబు మొత్తం అప్పజెపుతుంటే వినడం ఆయనకు అలవాటట.

"మాటలు గుర్తులేవు నాన్నా."

ఆయన చెయ్యి హ్యాండిల్ మీద బిగుసుకుంది. "గుర్తులేకపోవటమేంది? ఇప్పుడేగా రాసింది?"

"రాసింది గుర్తులేదు. ఏం చెప్పానో గుర్తుంది."

"రెండూ ఒకటి కాదా?"

"కాదు. ఒక సరుకు ధర పెరిగితే జనం దాని బదులు వేరేది కొంటారు గదా, దాని గురించి సొంత ఉదాహరణతో రాయమన్నాడు. పుస్తకంలో కాఫీ, టీ అని ఉంది. నేను పరుపులు రాశా. బూరుగు దూది రేటు పెరిగితే జనం ఫోము పరుపులకి పోతారని రాశా."

కాసింగారు చుట్టూ చూశాడు. "మన కొట్టు సంగతి పరీక్షలో రాశావా?"

"ఊఁ."

"తప్పు రాశావ్," అన్నాడు వెంటనే. "పెళ్లిపరుపు ఎంత రేటైనా బూరుగు దూదే కుట్టమంటారు. ఫోము పెడితే పెళ్లివారు ఊరుకుంటారా?"

రజియా మాత్రం తగ్గలేదు.

"అదీ రాశా నాన్నా. పెళ్లికి కొనేవాళ్లు మారరు, మామూలుగా ఇంట్లోకి కొనేవాళ్లు మారతారు, అందుకని కొనేవాళ్లందరిమీదా ధర ఒకేలా పనిచెయ్యదు అని రాశా. పటం కూడా వేశా."

"మరి హాస్టళ్లవాళ్లు?"

"వాళ్లు ఎప్పుడు దూది కొన్నారు? చవగ్గా ఏదొస్తే అది."

"ఆఁ, అది నిజమే," అని ఆయన ఏదో ఆలోచించాడు. మళ్లీ ఇంకేదో అడిగాడు, ఆమె ఎదురు చెప్పింది. వెనక రిక్షావాడు బెల్లు కొడుతున్నా ఇద్దరూ పక్కకు జరగలేదు. ఇన్నేళ్లూ కూతురి చదువు ఆయన వినేవాడు. వాదించడం నేను చూడగా అదే మొదలు.

ఫలితాలు తర్వాతెప్పుడో వచ్చాయి. పాసైంది, మునుపటికంటే తక్కువ మార్కులతో. కాసింగారు అప్పటిదాకా ఆగలేదు. ఆ గేటు దగ్గరే కాసేపు కూతురి మొహంలోకి చూసి, "ఇదయితే నువ్వే రాశావే," అన్నాడు. మోపెడ్ స్టాండు తీసి, "ఎక్కు," అన్నాడు. "రేపు కాలేజీ ఎన్నింటికి?"